మెడ వెనక చిన్న గది

పాఠ్యపుస్తకాల ఆఫీసు పై అంతస్తులో చివరి గదికి రెండు తలుపులు. ఒకటి వరండాలోకి, ఇంకొకటి నా గదిలోకి. నాది అక్షరాలు కూర్చే పని. పెద్దలు రాసిచ్చిన కాయితాలు చూసి కంప్యూటర్లోకి ఎక్కించి, పేజీలుగా పేర్చాలి. ఆ మధ్య తలుపు వానలకు ఉబ్బిపోయి పూర్తిగా మూసుకునేది కాదు. అందువల్ల పక్కగదిలో ఎవరేం మాట్లాడినా నా చెవిన పడేది. వద్దనుకున్నా పడేది. నేను వద్దనుకున్నదీ లేదు.

ఆ గది బెంచీ అక్కది. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పట్టీలో ఉండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే వెంటనే పలికేది కాదు.

ఆమె ఉద్యోగం చెప్పడానికి తేలిక. శాస్త్రాలు తెలిసినవాళ్ళు పాఠాలు రాసి పంపుతారు. అవి వాళ్ళ భాషలోనే ఉంటాయి. వాటిని చిన్నపిల్లల బుర్రకెక్కేటట్టు ఆమె తిరగరాయాలి. "పక్షి తను మింగి మెత్తబరిచి పిల్ల నోట్లో పెడుతుంది చూడు, నాదీ అదే పని తమ్ముడూ. కాకపోతే పక్షి మీద పై అధికారి ఉండడు," అనేది.

నేను బడిలో చదివింది కొద్దిగా. మిగతా చదువంతా ఆమె పాఠాలు కూరుస్తూ నేర్చుకున్నదే. సున్నా అంటే ఏమిటో నాకు ఆమె చెప్పాకే తెలిసింది. మీ తరగతిలో ఖాళీగా ఉన్న చోటును చూడండి, అని మొదలవుతుంది ఆ పాఠం. అక్కడ ఎవరూ లేరు. కానీ ఎవరో రాలేదని మీకు చెబుతున్నది ఆ చోటే. ఆ వాక్యం దగ్గర నా వేళ్ళు కాసేపు కదల్లేదు. ఆ తర్వాత చాలాకాలం ఖాళీ కుర్చీని చూసినప్పుడల్లా అది నాతో ఏదో అంటున్నట్టే ఉండేది.

ఇక బెంచీ సంగతి. ఏదో బడిలో పాతసామాను పారేస్తుంటే అక్క అడిగి తెచ్చుకుంది. ఇద్దరు చిన్నపిల్లలు పట్టే బెంచీ. చేసిన వడ్రంగి ఎవరో గానీ కాళ్ళు మరీ మధ్యకు దగ్గరగా బిగించాడు. ఇద్దరూ చెరో కొసన కూర్చుంటే కదలకుండా నిలబడుతుంది. ఒక్కరే కొసన కూర్చున్నారా, రెండో కొస గాల్లోకి లేస్తుంది. పిల్లి ఎక్కినా లేస్తుంది. మా ఆఫీసు అటెండరు ఓసారి టీ తాగుదామని దాని కొసన కూలబడి, కప్పుతో సహా నేలమీదకు వచ్చాడు. "మీ స్టూడెంటుకి పెద్దంతరం చిన్నంతరం లేదక్కా, నన్ను లేపి పడేసింది," అని చొక్కా దులుపుకుంటూ పోయాడు. అప్పటినుంచి దాని జోలికి ఎవరూ వెళ్ళలేదు.

అక్క ఆ ఖాళీ బెంచీకి ఎదురుగా కూర్చుని పాఠం పైకి చదివేది. బెంచీకి అర్థమైతేనే పాఠం నా దగ్గరికి వచ్చేది. చెక్కకి అర్థమైందని ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను. అర్థంకాని పిల్ల తల ఎక్కువగా ఊపుతుందట. అర్థమైన పిల్ల ఊపదు, కిటికీలోంచి ఎటో చూస్తుంది. "నేను చిన్నప్పుడు బాగా ఊపేదాన్నిలే. ఆ ఊపుడు నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?" అంది. బెంచీ ఎటో చూసేదాకా చదువుతుందన్నమాట.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. ఈ కథంతా దానివల్లే. పాఠాన్ని తేలిక చేయడమంటే చాలావరకు తీసేయడమే. కానీ ఏదీ ఊరికే తీసేసేది కాదు. మనసులో ఉన్నదంతా, చిన్న చిన్న వివరాలతో సహా, ముందు బెంచీకి చెప్పేది. చెప్పాక కొట్టేసేది. చెప్పకుండా మింగితే అరగదనేది. పాఠం బెత్తెడుంటే బెంచీకి చెప్పింది బారెడు ఉండేది. ఆ బారెడంతా తలుపు సందులోంచి నేను విన్నాను. నేను ఒక్కణ్ణే విన్నాననుకునేవాణ్ణి.

ఆ ఏడాది ఆమె చేతికి ఊపిరి పాఠం వచ్చింది.

రాసింది డాక్టరు గారు. వైద్యం చదివే పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన. మనం నిద్రపోతున్నప్పుడు కూడా ఊపిరి ఎందుకు ఆగదన్నది విషయం. ఆయన రాసినదాంట్లో మెదడు అడుగు భాగం ఉంది, నరాలున్నాయి, రక్తంలో కరిగే వాయువు ఉంది. అక్క రెండు రోజులు కాయితాలు ముందేసుకుని కూర్చుంది. బెంచీ తల ఊపుతూనే ఉందంది. మూడోరోజు మధ్యాహ్నం తలుపు సందులోంచి కొత్త గొంతుతో చదవడం వినిపించింది.

"మీ మెడ వెనక, తల మొదలయ్యే చోట, ఒక చిన్న గది ఉంది. అందులో ఒక కాపలాదారు ఉన్నాడు. మీరు ఆడుకుంటున్నా, అలిగి కూర్చున్నా, నిద్రపోతున్నా, ఆయన 'పీల్చు, వదులు' అని చెబుతూనే ఉంటాడు. ఆయన ఎప్పుడూ నిద్రపోడు."

ఆ తర్వాత బెంచీకి ఇంకా చాలా చెప్పింది. నేను విన్నాను, కూర్చే పనిలో పడి మరిచిపోయాను.

డాక్టరు గారు ఆ పాఠం చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గది బాగానే కట్టారమ్మా. అద్దెకిచ్చిందే ఎవరికో తెలీడం లేదు. అక్కడ ఎవరూ ఉండరు. అసలు వింతంతా అదే కదా," అన్నారు.

ఎవరూ లేరని రాస్తే పిల్లలు జడుసుకుంటారండీ అంది అక్క. "జడుసుకోవలసిన సంగతేనమ్మా. ఇంత ముసలాణ్ణయ్యాను, నేనింకా జడుసుకుంటూనే ఉన్నాను," అని నవ్వి, అయినా సంతకం పెట్టి వెళ్ళారు. ఆమె పాఠాలంటే ఆయనకు గౌరవం.

అచ్చుకు పోయేముందు పాఠాన్ని కొన్ని బళ్ళకు నమూనాగా పంపడం మా ఆఫీసు పద్ధతి. బొమ్మలు వేసే అతను జ్వరంతో సెలవులో ఉండటంవల్ల ఇది బొమ్మ లేకుండానే వెళ్ళింది. కాపలాదారు ఎలా ఉంటాడో మీరే బొమ్మ వేయండి, అని చివర ఒక మాట చేర్చాం.

అందరికంటే ముందు ఈ పాఠం విన్నది అక్క మనవరాలు. మూడో తరగతి. అక్క కూతురు బస్సు డిపోలో పనిచేసేది. డ్యూటీ వేళలు మారుతుండేవి కాబట్టి పిల్ల అమ్మమ్మ దగ్గరే పెరిగింది. దాన్ని బొంగరం అనేవాళ్ళు. ఒకచోట కాలు నిలవదు. మాట్లాడుతూ తిరుగుతుంది, తింటూ తిరుగుతుంది, తిట్లు తింటూ కూడా తిరుగుతుంది. ఆఫీసుకు తీసుకొచ్చిన రోజున వరండా ఈ చివరినుంచి ఆ చివరిదాకా గిరగిరా తిరుగుతుంటే అటెండరు గోడకు అతుక్కుని నడిచేవాడు.

ఊపిరి పాఠం విన్నాక బొంగరం నెమ్మదించింది.

మొదట ఇంట్లోవాళ్ళు సంతోషించారు. పిల్లకు బుద్ధొచ్చిందనుకున్నారు. తర్వాత ఒక ఆదివారం నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చూశాను. గుమ్మం పక్కన కుర్చీలో నిటారుగా కూర్చుంది. మెడ కొంచెం పక్కకు వంచి, వెనకనుంచి ఎవరో చెప్పేది వింటున్నట్టుంది. ఏం చేస్తున్నావే బొంగరం, అని పలకరిస్తే నోటిమీద వేలు పెట్టుకుంది.

"ఆయన చెప్తున్నాడు. మధ్యలో మాట్లాడితే మర్చిపోతాడు," అంది.

నాకు నవ్వొచ్చింది. కానీ పిల్ల కళ్ళ కింద నలుపు చూశాక నవ్వలేకపోయాను.

నిద్రపోవడం లేదని అక్క చెప్పింది. పక్క మీద పడుకోబెడితే లేచి కూర్చుంటోంది. ఎందుకే అంటే, ఆయనొక్కడే ఎన్నాళ్ళని మేలుకుని ఉంటాడు, నేను కాసేపు చూస్తే ఆయన కాసేపు నడుం వాలుస్తాడు కదా, అంటోంది. అలా తన ఊపిరి తనే పీల్చుకుంటూ, తనే వదులుకుంటూ, లెక్క తప్పకుండా కాపలా కాస్తోంది. పగలు కళ్ళు వాలిపోతుంటే ఉలిక్కిపడి లేస్తోంది. ఆస్పత్రిలో చూపిస్తే ఒంట్లో జబ్బేమీ లేదన్నారు, ఇలాగే సాగితే మాత్రం పిల్ల దక్కడం కష్టమన్నారు. కాపలాదారు ఉత్త మాటేనని అక్క ఎంత చెప్పినా పిల్ల నమ్మలేదు. పాఠంలో ఉంది కదా అనేది.

బడి మెట్లమీద బొంగరం కళ్ళు తిరిగి పడిన రోజున అక్క కూతురు డిపో బట్టల్లోనే మా ఆఫీసుకు వచ్చింది. గట్టిగా మాట్లాడలేదు. "లోకంలో పిల్లలందరికీ చెప్తావే. ఎక్కించింది నువ్వే కదమ్మా. దించు," అంది. అంతే, నా గదిలోంచే బయటికి వెళ్ళిపోయింది.

ఆ మర్నాడే బళ్ళనుంచి పిల్లల బొమ్మలు వచ్చాయి.

పెద్ద కట్ట. టీచర్లు పాఠాన్ని తెగ మెచ్చుకున్నారు, ఇంత తేలిగ్గా ఊపిరి సంగతి ఎవరూ చెప్పలేదన్నారు. అక్కకు కాస్త ఊరటగా ఉంటుందని కట్ట నేనే విప్పి, బొమ్మలు ఒక్కొక్కటే బల్లమీద పరిచాను. ఒకడు కాపలాదారుకు టోపీ పెట్టాడు. ఒక పిల్ల ఆయన ఒళ్ళంతా ఊదారంగు వేసింది. ఇంకోడు చేతిలో క్రికెట్ బ్యాటు పెట్టాడు. నవ్వుకుంటూ పరుస్తున్నాను. సగం బల్ల నిండాక నా చేయి దానంతటదే ఆగింది.

అన్ని బొమ్మల్లోనూ ఆయన వెనక్కి తిరిగి కూర్చున్నాడు. ఒక్కదానిలోనూ మొహం లేదు.

"చిన్నపిల్లలు కదక్కా, మొహం వేయడం రాక వీపు వేసుంటారు," అన్నాను.

అక్క ఒక బొమ్మమీద వేలు పెట్టింది. ఆయన కూర్చున్నది మూడు కాళ్ళ పీట. పక్క బొమ్మ మీద పెట్టింది. మూడు కాళ్ళ పీట. టోపీవాడిదీ, ఊదారంగువాడిదీ, బ్యాటువాడిదీ అదే. కుడికాలు మడిచి ఎడమ మోకాలి మీద వేసుకుని ఉన్నాడు. ఎడమ భుజం మీద తువ్వాలు. పిల్లలు ఒకే ఊరివాళ్ళు కాదు, ఒకరి మొహం ఒకరు ఎరగరు.

"మూడు కాళ్ళ పీట నేను రాయలేదు తమ్ముడూ."

"రాసి కొట్టేసుంటారక్కా, మర్చిపోయారేమో."

"కొట్టేశాను. అదే చెప్తున్నా."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం తలుపు సందులోంచి నేను విన్నది అదే. పీట, మడిచిన కాలు, తువ్వాలు, అన్నీ ఆమె బెంచీకి చెప్పింది. నేను ఎవరికీ చెప్పలేదు.

ఆయన మా నాన్న, అంది అక్క.

అప్పటిదాకా ఆమె తండ్రి ఊసు నా దగ్గర ఎత్తలేదు. ఆరోజు కిటికీ వైపు చూస్తూ చెప్పింది, చదివి వినిపిస్తున్నట్టు, ఎక్కడా తొట్రుపడకుండా. ఆయన ఒక గిడ్డంగికి కాపలా. వాకిలికి వీపు పెట్టి, గదుల వరస వైపు చూస్తూ కూర్చునేవాడు. దొంగ వచ్చేది బయటినుంచి కదా, ఇటు చూస్తావేమిటని ఎవరన్నా అడిగితే, నేను చూడాల్సింది దొంగని కాదు తాళాల్ని, అనేవాడట. గిడ్డంగి మూసే వేళకు ఈమె ఆయన వేలు పట్టుకుని వెనకే తిరిగేది. ఆయన ఒక్కో తాళం లాగి చూసి, "ఉన్నావా?" అని అడిగేవాడు. తాళం తరఫున ఈమె "ఉన్నా" అనాలి. అది వాళ్ళిద్దరి ఆట.

ఒకరోజు ఆయన పొద్దున్నే డ్యూటీ దిగి ఇంటికొచ్చి పడుకున్నాడు. నాన్న నిద్రపోతున్నాడు, చప్పుడు చేయకు, అని తల్లి పనికి వెళ్ళింది. చప్పుడు చేయకుండా ఈమె పక్కనే కూర్చుంది. బొమ్మలు కూడా కదపలేదు. ఎండ గుమ్మంలోంచి గది మధ్యకు వచ్చి మళ్ళీ వెనక్కి పోయింది. తల్లి వచ్చి చూసేదాకా ఈమె మంచిపిల్లలాగా అలాగే కూర్చుని ఉంది.

"ఆయన నిద్రపోవడం నాకిష్టం లేకపోయింది," అంది అక్క. "ఆ గది కట్టేటప్పుడు నాకు తెలీలేదు తమ్ముడూ ఎవర్ని కూర్చోబెడుతున్నానో. 'ఎప్పుడూ నిద్రపోడు' అని రాశాక తెలిసింది. తెలిసీ ఉంచాను."

అప్పటికైనా అది వింత అనుకుని ఊరుకునేవాళ్ళమేమో. బొమ్మలు ఎన్నో విధాల కలుస్తాయి. కానీ ఆ శనివారం మధ్యాహ్నం అక్క వంటగదిలో ఉండగా, ముందుగదిలోంచి పిల్ల గొంతు వినిపించిందట. తొంగిచూస్తే బొంగరం గోడకు ఆనుకుని కూర్చుని, అరచేయి గుండెమీద పెట్టుకుని, మెల్లగా అడుగుతోంది.

"ఉన్నావా?"

కాసేపాగి, ఇంకొంచెం మెల్లగా, "ఉన్నావా?"

ఆ మాట అక్క ఏ పాఠంలోనూ రాయలేదు. పిల్లకు ఎప్పుడూ చెప్పలేదు. బెంచీకి చెప్పింది.

అక్క గిన్నె అక్కడే దించి డాక్టరు గారింటికి వెళ్ళింది. పాఠం సోమవారం అచ్చుకు పోవాలి. పోతే ఎన్ని ఇళ్ళలో ఎంతమంది పిల్లలు కుర్చీల్లో నిటారుగా కూర్చుంటారో అని ఆమె భయం. అంతకంటే ముందు తన ఇంట్లో పిల్ల. డాక్టరు గారు అంతా విని నేను చెప్పలేదా అనలేదట. బొమ్మల గురించి నాకు తెలీదమ్మా అన్నారట. ఊపిరి గురించి మాత్రం మళ్ళీ మొదటినుంచి ఓపిగ్గా చెప్పారట. ఈసారి ఆమె తల ఊపకుండా విన్నదట.

ఆదివారం ఆఫీసుకు రమ్మని నాకు కబురు పెట్టింది. పాఠం మారిస్తే అప్పటికప్పుడు కూర్చాలి కదా. నేను వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. ఆదివారపు ఆఫీసు మీరెప్పుడన్నా చూశారో లేదో. ఎండ వరండా అంతా పరుచుకుని ఉంది, మూసిన తలుపులు వరసగా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో తాళం. వాటి ముందునుంచి నడుస్తుంటే ఏ తాళాన్నీ ముట్టుకోవాలనిపించలేదు.

అక్క బొంగరం చేయి పట్టుకుని వచ్చింది. పిల్ల బాగా చిక్కిపోయింది. మెట్లు ఎక్కేటప్పుడు ఒక్కో మెట్టుకూ ఆగి ఊపిరి చూసుకుంది.

"బెంచీ మీద కూర్చోవే," అంది అక్క. ఇన్నేళ్ళలో ఆ బెంచీమీద ఒక పిల్ల కూర్చోవడం అదే మొదలు.

బొంగరం వెళ్ళి కిటికీ వైపు కొసన కూర్చుంది. బాగా కొసన. రెండో వైపంతా ఖాళీ.

నేను గబుక్కున రెండడుగులు ముందుకు వేశాను, పిల్ల పడిపోతుందని. పడలేదు. బెంచీ కదల్లేదు. రెండు కొసలూ సమంగా, గచ్చుమీద నాలుగు కాళ్ళూ ఆన్చి నిలబడి ఉంది. నేను అక్క వైపు చూశాను. ఆమె కూడా బెంచీ కాళ్ళవైపే చూస్తోంది.

"మధ్యలోకి జరుగమ్మా," అంది.

"ఆయన కూర్చోవద్దా మరి? అన్ని మెట్లెక్కి వచ్చాడు," అంది పిల్ల.

నేను తలుపు చట్రం పట్టుకున్నాను. అక్క తన కుర్చీలో కూర్చుని, ఖాళీ వైపు చూడకుండా, పిల్ల వైపే చూసింది. ఊపిరి బిగబట్టమంది. బొంగరం తల అడ్డంగా తిప్పింది. నేను ఆపితే ఆయన కూడా ఆపేస్తాడు, అంది. అయితే నేనే బిగబడతా, చూస్తూ ఉండు, అని అక్క పెదాలు మూసి ముక్కు పట్టుకుంది.

గదిలో చప్పుడు లేదు. అక్క మొహం ఎర్రబడింది, మెడ నరాలు లేచాయి. వయసైన మనిషి, అంతసేపు బిగబడుతుందని నేననుకోలేదు. పిల్ల బెంచీ అంచు రెండు చేతులతో పట్టుకుని, వద్దమ్మమ్మా వద్దమ్మమ్మా అంటోంది. చివరికి అక్క నోరు దానంతటదే తెరుచుకుంది. గాలి పెద్ద చప్పుడుతో లోపలికి పోయింది.

"చూశావా?" అంది రొప్పుతూ. "నేను తెరవలేదు. తెరవకూడదనే కూర్చున్నాను. మరి ఎవరు తెరిచారు?"

"ఆయన."

"కాదు. లోపల వాడేసిన గాలి నిలవైపోతుంది. ఎక్కువైతే అదే తలుపు తోసుకుంటుంది. పాతగాలి తోస్తే తలుపు తెరుచుకుంటుంది, కొత్తగాలి వస్తుంది. నిద్రపోయినా తోస్తుంది, మర్చిపోయినా తోస్తుంది. తలుపు దగ్గర ఎవరూ ఉండక్కర్లేదు."

"ఎవరూ లేరా?"

"ఎవరూ లేరు."

"నీకు భయం వెయ్యట్లా అమ్మమ్మా?"

"వేస్తోంది," అంది అక్క.

ఆ జవాబు పిల్లకు నచ్చినట్టుంది. భుజాలు కొంచెం దిగాయి. తర్వాత పక్కకు, ఖాళీ వైపుకు, కళ్ళు తిప్పి చూసింది. "మరి ఈయనో?"

"ఈయన మా నాన్న. మీ తాతమ్మ మొగుడు. నేనే తెచ్చి కూర్చోబెట్టాను. ఆయన డ్యూటీ ఎప్పుడో అయిపోయింది."

"ఆయనకి చెప్పావా?"

అక్క లేదంది.

"చెప్పాలి కదా మరి. పాపం, చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?" అంది బొంగరం, పెద్దవాళ్ళు పిల్లల్ని మందలించినట్టు.

అప్పుడు అక్క ఖాళీ వైపుకు తిరిగింది. ఆమె మొహం నాకు పక్కనుంచి కనబడుతోంది. అందులో అంత చిన్నపిల్ల ఉందని నేను ఎన్నడూ అనుకోలేదు.

"నాన్నా," అంది. "తాళాలన్నీ చూశాం. అన్నీ ఉన్నాయి. ఇంక నువ్వు పడుకో. నేను చప్పుడు చేస్తాలే."

వరండాలో ఎండ తప్ప ఏమీ కదల్లేదు. గడియారం ముల్లు కదలడం వినిపించింది. ఆ తర్వాత బెంచీ ఆ వైపు కొస, ఎవరో బరువైన మనిషి మోకాళ్ళమీద చేతులు ఆన్చి లేచినట్టు, మెల్లగా పైకి లేచింది. ఈ వైపు కొస టక్కున గచ్చుకు తగిలింది. బొంగరం జారి నేలమీద పడి, ఒక్క క్షణం బిత్తరపోయి, అమ్మమ్మ మొహం చూసి, పకపకా నవ్వింది.

నేను చూసింది చూసినట్టు చెబుతున్నాను. ఆ బెంచీ సంగతి నాకు ఇప్పటికీ తెలియదు. గచ్చు ఎత్తుపల్లాలని అటెండరు అంటాడు. అయివుండవచ్చు.

పిల్ల లేచి మళ్ళీ బెంచీ ఎక్కింది. ఈసారి మధ్యలో ముడుచుకుని పడుకుంది. అక్క కొత్త పాఠాన్ని పైకి చదవడం మొదలుపెట్టింది. రెండో వాక్యం దగ్గర బొంగరం కిటికీలోంచి ఎటో చూసింది. నాలుగో వాక్యం దగ్గర కళ్ళు మూసుకుంది. ఉలిక్కిపడలేదు.

అక్క చదవడం ఆపింది. పట్టపగలు, ఎండ గుమ్మంలోంచి గది మధ్యకు వస్తుండగా, నిద్రపోతున్న మనిషి పక్కన కూర్చుంది. పిల్ల వీపు లేస్తోంది, దిగుతోంది. ఒకసారి దిగాక మళ్ళీ లేవడానికి కొంచెం ఆలస్యమైంది. అక్క చేయి పిల్ల వీపుదాకా వెళ్ళింది. పెదాలు కదిలాయి. ఏ మాట అడగబోతోందో నాకు తెలుసు. అడగలేదు. చేయి వెనక్కి తీసుకుని, ఒళ్ళో పెట్టుకుని, ఎదురుచూసింది.

వీపు లేచింది.

ఆ తర్వాత ఆమె లేచి కిటికీ తలుపులు బార్లా తీసింది, కుర్చీ బరబరా లాగింది, కాయితాలు టపటపా సర్దింది, వరండా అంతా వినపడేటట్టు నన్ను పిలిచి టీ పెట్టమంది. పిల్ల లేస్తుందక్కా, అన్నాను. "లేవనీ," అంది. పిల్ల సాయంత్రందాకా లేవలేదు.

కొత్త పాఠం సోమవారం అచ్చుకు పోయింది. ఊపిరి బిగబట్టి చూడండి, ఎవరు తెరిచారో చెప్పండి, అని మొదలవుతుంది. గదీ, తలుపూ మాత్రం ఉంచింది. డాక్టరు గారు చదివి, ఈసారి కళ్ళజోడు తీయకుండానే సంతకం పెట్టారు. పాతదాన్ని చదివిన బళ్ళకు అక్క తనే తిరిగింది. ప్రతి తరగతిలోనూ పిల్లల ముందు మొహం ఎర్రబడేదాకా ఊపిరి బిగబట్టిందట. ఒక చోట హెడ్మాస్టరు గారు భయపడి మంచినీళ్ళు తెప్పించారట. ఆ బళ్ళలోనూ కొందరు పిల్లలు నిద్ర మానేశారని అప్పుడే తెలిసింది. వాళ్ళు మళ్ళీ నిద్రపోతున్నారని తర్వాత కబుర్లు వచ్చాయి.

బొంగరం మళ్ళీ వరండాలో తిరగడం మొదలుపెట్టింది. అటెండరు మళ్ళీ గోడకు అతుక్కున్నాడు.

అక్క మాత్రం బెంచీకి పాఠం చదవడం మానేసింది. ఒకటి రెండుసార్లు ప్రయత్నించింది. తలుపు సందులోంచి ఆమె గొంతు కాసేపు వినబడి ఆగిపోయేది. "తల ఊపదు, ఎటో చూడదు. ఇప్పుడది ఉత్త చెక్క తమ్ముడూ," అంది. ఆనాటినుంచి రిటైరయ్యేదాకా ప్రతి పాఠాన్నీ పక్కవీధి బడికి పట్టుకెళ్ళి, నిజం పిల్లల ముందే చదివేది. వాళ్ళు గోల చేసేవాళ్ళు, మధ్యలో అడ్డుపడేవాళ్ళు. పాఠాలు మునుపటికంటే ఆలస్యమయ్యేవి.

బెంచీ ఆ గదిలోనే ఉంది. ఆమె కుర్చీలో ఇప్పుడు వేరేవాళ్ళు కూర్చుంటున్నారు. మధ్య తలుపు ఇంకా సరిగా మూసుకోదు. ఊపిరి పాఠం ప్రతి ఏడూ తిరిగి అచ్చవుతుంది కాబట్టి పేజీలు సరిచూడటం నా వంతే. "తలుపు దగ్గర ఎవరూ లేరు" అన్న వాక్యం వచ్చినప్పుడు, చూడకూడదనుకుంటూనే ఆ సందులోంచి బెంచీ వైపు చూస్తాను. ఆ చూడటంలో ఊపిరి బిగబట్టానని తర్వాత గానీ తెలియదు. నేను తెరవకుండానే నోరు తెరుచుకుంటుంది.